ఆదర్శ మురుగు

దగ్గరికి జరగండర్రా. ఆ గుమ్మంలో కూచున్నవాళ్ళు కూడా లోపలికి రండి. గొప్పవాళ్ళ సంగతి చెప్పేటప్పుడు గొంతు తగ్గించాలి, గోడలు కూడా పార్టీలో చేరిపోతున్న రోజులు. ఇది ఒక మంత్రిగారి గొప్పతనం గురించిన కథ. అయితే ఆయన గొప్పతనం తెలియాలంటే ముందు ఒక కుట్టుమిషను గురించీ, ఒక డ్రైనేజీ గుంత గురించీ తెలియాలి. వేరే దారి లేదు.

ఒకరోజు పొద్దున్నే మంత్రిగారు నగరం నడిబొడ్డున సభ పెట్టి, గొంతు సవరించుకుని ఇలా ప్రకటించారు.

"ఇవాళ్టి నుంచి ఈ నగరంలో ప్రజలు ఉండరు. అందరూ నాయకులే."

జనం చప్పట్లు కొట్టారు. కొట్టాక, ప్రజలు ఉండకపోతే ఎక్కడికి పోతారబ్బా అని పక్కవాళ్ళని అడిగారు. తర్వాత వివరం తెలిసింది. పథకం పేరు 'గడపకో నాయకుడు'. ఏ వీధిలో ఉన్నవాళ్ళని ఆ వీధిలోనే పట్టుకుని, శిక్షణ ఇచ్చి, సర్టిఫికెట్ చేతిలో పెట్టి నాయకుల్ని చేస్తారు. ఇక ఎవరి వీధి కష్టం వాళ్ళే చూసుకుంటారు. అప్పటిదాకా ఆ కష్టాలన్నీ మోస్తున్నది మంత్రిగారి భుజాలే కదా. ఆ బరువు దించి అందరికీ సమానంగా పంచుదామన్న ఆలోచన ఆయనకి రావడమే మన అదృష్టం.

ఈ వార్తని మైకు బాబాయి వీధివీధికీ మోసుకొచ్చాడు. మైకు బాబాయి పార్టీ మనిషి. ఆటోకి మైకు కట్టుకుని తిరుగుతాడు. ఏ పార్టీ అంటారా, మైకు ఎవరిదైతే ఆ పార్టీ. ఇంట్లో భార్యని మంచినీళ్ళడిగినా "తల్లులారా, అక్కచెల్లెళ్ళారా" అని మొదలుపెడతాడని చెప్పుకునేవారు.

ఆ మైకు టైలరమ్మ షాపు ముందు ఆగినప్పుడు, ఆమె ముక్కుకి గుడ్డ కట్టుకుని కాజాలు కుడుతోంది. గుడ్డ ఎందుకంటే, షాపు ఎదురుగానే డ్రైనేజీ గుంత. దానికి ఒకప్పుడు మూత ఉండేది. మూతకి చిన్న పగులు కనిపిస్తే మునిసిపాలిటీవాళ్ళు చాలా బాధ్యతగా వచ్చి, కొలతకని దాన్ని పట్టుకుపోయారు. ఇంకా కొలుస్తూనే ఉన్నారు. మూత పోయిన తర్వాత లోపల ఏదో అడ్డం పడి, మురుగు పైకి ఎగదన్నడం మొదలైంది. షాపుకి రావాలంటే మురుగులో వేసిన ఇటుకల మీద గెంతుతూ రావాలి. గెంతలేని ముసలీ ముతకా రావడం మానేశారు. గెంతగలిగినవాళ్ళకి బట్టలు కుట్టించుకునే ఓపిక లేదు, కొనేసుకుంటారు.

టైలరమ్మకి మిగిలిన ఆశ ఒక్కటే, బడి యూనిఫారాలు. పెద్దరోడ్డు మీది బడి పిల్లలందరికీ ఏటా ఆమే కుట్టేది. ఆ ఆర్డరు మీదే ఆ ఇంట్లో ఏడాది పొడుగునా పొయ్యి వెలిగేది. మొగుడు లారీ మీద దేశాలు తిరుగుతాడు గానీ, ఆ తిరుగుడు లారీ యజమానికి తప్ప ఎవరికీ కలిసిరాలేదు. ఈ ఏడు బడి పెద్ద టీచరమ్మగారు స్వయంగా వచ్చి, ఇటుకల మీద సగం దూరం నడిచి, అక్కడే ఆగిపోయింది. కొంగ నిలబడ్డట్టు ఒంటికాలి మీద నిలబడే, పిల్లల ఒంటికి తగిలే గుడ్డని ఈ కంపులో పెట్టలేనమ్మా అంది. బడి తెరిచేలోగా ఇది బాగుపడితే గుడ్డ థాన్లు పంపిస్తాననీ, లేకపోతే వేరే షాపు చూసుకుంటాననీ మెత్తగానే చెప్పి, వచ్చిన ఇటుకల మీదే వెనక్కి పోయింది.

టైలరమ్మ ఆ సాయంత్రమే అర్జీ రాయించుకుని మునిసిపల్ ఆఫీసుకి వెళ్ళింది. అక్కడి గుమాస్తా అర్జీని వేలితో తాకను కూడా తాకలేదు. కొత్త పద్ధతి వచ్చిందట. సామాన్యులు నేరుగా రాకూడదు, వీధి నాయకుడి ద్వారా రావాలి. మా వీధికి నాయకుడు లేడండీ అని ఆమె అంటే, అయితే శిక్షణకి వెళ్ళి మీరే అవ్వండి, ఎవరు వద్దన్నారు అని ఆయన ఎంతో ప్రోత్సాహంగా పంపించాడు.

ఇంటికొచ్చి అత్తగారితో చెప్పింది. అత్తగారు షాపులోనే బొత్తాలు కుట్టే మనిషి. చూపు తగ్గింది గానీ నోరు తగ్గలేదు.

"నాయకురాలివైతే డ్రైనేజీ బాగుపడుతుందా అమ్మాయ్?"

"అర్జీ అయినా తీసుకుంటారు అత్తయ్యా."

"సరే, వెళ్ళు. వచ్చేటప్పుడు బొత్తాలు తీసుకురా, అయిపోయాయి" అంది అత్తగారు.

శిక్షణ పెద్ద హాల్లో జరిగింది. వీధి వీధంతా వచ్చింది. సెలూను అన్న వచ్చాడు, పాలాయన వచ్చాడు, రిటైరైన పోస్టుమాస్టరుగారు కోటు వేసుకుని మరీ వచ్చారు. వచ్చినవాళ్ళకి కాఫీ, బిస్కెట్లు ఇచ్చారు కాబట్టి మొదటిరోజు రానివాళ్ళు కూడా రెండోరోజు వచ్చారు. పాఠం చెప్పడానికి పైనుంచి ఒక శిక్షణాధికారి దిగాడు. ఇస్త్రీ మడత నలగని మనిషి. చేతిలో రిమోటు, గోడ మీద బొమ్మలు.

మొదటి పాఠం, చెయ్యి చూపించడం. సమస్య వైపు చెయ్యి చూపించాలి, చూపు మాత్రం కెమెరా వైపు ఉండాలి. వినడానికి సులువుగా ఉంటుంది గానీ చేస్తే తెలుస్తుంది. పాలాయన చెయ్యి ఎటు చూపితే కళ్ళు అటే పోయేవి. ఆయన్ని వెనక బెంచీలో కూచోబెట్టారు.

రెండో పాఠం, వినడం. ఎవరైనా గోడు చెప్పుకుంటే తల ఊపాలి. నిలువుగా ఊపితే ఒప్పుకున్నట్టు, అడ్డంగా ఊపితే కాదన్నట్టు. కాబట్టి రెండూ కాకుండా ఏటవాలుగా ఊపాలి. సెలూను అన్నకి ఇది పుట్టుకతో వచ్చిన విద్య. జీవితమంతా కుర్చీలో కూచున్నవాళ్ళ కబుర్లకి తల ఊపినవాడే కదా.

మూడో పాఠం, మాట. 'చేస్తాం' అనకూడదు, 'చెయ్యం' అసలే అనకూడదు. 'నా దృష్టికి వచ్చింది', 'పరిశీలనలో ఉంది', 'త్వరలో శుభవార్త వింటారు'. ఈ మూడు మాటలతో ఒక మనిషి చివరిదాకా నాయకుడిగా బతకొచ్చని అధికారి హామీ ఇచ్చాడు. నాలుగో పాఠం అన్నిటికంటే ముఖ్యమైంది. నాయకుడు వంగకూడదు. వంగితే ఫొటోలో పొట్ట కనపడుతుంది.

పోస్టుమాస్టరుగారు చెయ్యెత్తి, మర్యాదగానే ఒక ప్రశ్న అడిగారు. "సమస్యని తీర్చడం ఏ పాఠంలో వస్తుందండీ?"

అధికారి బొమ్మలన్నీ ముందుకీ వెనక్కీ తిప్పి చూశాడు. "అది మన సిలబస్‌లో లేదండీ. అది ఇంజనీర్ల సబ్జెక్టు" అన్నాడు. పోస్టుమాస్టరుగారు ఏటవాలుగా తల ఊపారు. అధికారి సంతోషించాడు.

టైలరమ్మ శ్రద్ధగా నేర్చుకుంది. అవసరం ఆమెది. సూదిలోకి దారం ఎక్కించే చెయ్యి కాబట్టి, ఆ చెయ్యి సమస్య వైపు గురి తప్పకుండా నిలిచేది. కళ్ళు కెమెరా మీదే ఉండేవి. అధికారి ఆమెని ముందుకి పిలిచి, అందరికీ చూపించేవాడు. కానీ విద్య ఒంటికి పట్టడం మొదలైతే ఎక్కడ ఆగుతుందో మన చేతుల్లో ఉండదు. ఒకరోజు ఒకావిడ ఇటుకల మీద గెంతుతూ వచ్చి, నా గౌను ఎప్పుడిస్తావు వదినా అని అడిగింది. టైలరమ్మ మిషను ఆపి, "నీ గౌను నా దృష్టికి వచ్చింది. పరిశీలనలో ఉంది. త్వరలో శుభవార్త వింటావు" అంది. ఆవిడ అలాగే నిలబడిపోయింది. అత్తగారు బొత్తం కుడుతున్న సూది ఆపి, కోడలి నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. జ్వరం లేదు.

శిక్షణ చివర ప్రాక్టికల్స్. నిజమైన సమస్య ముందు నిలబడి చెయ్యి చూపించాలి. అధికారి ఊరంతా గాలించి, టైలరమ్మ షాపు ముందున్న గుంతనే ఎంచుకున్నాడు. దాని సుగుణాలు ఆయన నోటితోనే వినాలి. కార్లు నేరుగా వచ్చి ఆగుతాయట. పొద్దుటి ఎండ సరిగ్గా ముఖం మీద పడుతుందట. ఎండాకాలం, వానాకాలం అని లేకుండా ఏడాది పొడుగునా పారుతుందట. ఇలాంటి సమస్య దొరకడం కష్టం అని, గుంత పక్కన బోర్డు పాతించాడు. 'ఆదర్శ సమస్య' అని ఆకుపచ్చ అక్షరాలు. బోర్డు చుట్టూ పూలకుండీలు. మూత వెయ్యడానికి లేని సిమెంటు ఆ బోర్డు పాతడానికి పుష్కలంగా దొరికింది.

అందరికీ సర్టిఫికెట్లు ఇచ్చారు, మెడలో పచ్చ పట్టీలు వేశారు. టైలరమ్మ పట్టీ తీయకుండానే అర్జీ పట్టుకుని మునిసిపల్ ఆఫీసుకి పరుగెత్తింది. ఈసారి గుమాస్తా లేచి నిలబడ్డాడు. కుర్చీ తుడిచి వేశాడు. టీ తెప్పించాడు. ఆమె టీ తాగి అర్జీ చాపింది. గుమాస్తా నొచ్చుకున్నాడు.

"మీరు నాయకులండీ. అర్జీ ఇవ్వడమేంటి, మీరు అర్జీలు తీసుకోవాలి. ఇచ్చేది సామాన్యులు."

"మరి మా వీధిలో అందరూ నాయకులే కదండీ."

"అయితే మీ వీధిలో ఇక సమస్యలు లేనట్టే. అభినందనలు" అన్నాడాయన, రెండు చేతులూ జోడించి.

ఈలోగా మిగతా వీధుల బ్యాచ్‌లు బస్సుల్లో రావడం మొదలైంది. దిగడం, చెయ్యి చూపించడం, ఫొటో దిగడం, పోవడం. మురుగు మెల్లగా పెరిగి గడపల దాకా వచ్చింది. సెలూనులో ఒక పెద్దమనిషి గడ్డం సగం గీయించుకుని, కాళ్ళ కింద తడి తగిలి, మిగతా సగంతోనే లేచి వెళ్ళిపోయాడు. అప్పుడు వీధివాళ్ళు మీటింగు పెట్టారు. అందరూ నాయకులే కాబట్టి కుర్చీలన్నీ ఎదురెదురుగా వేదిక మీదే వేసుకున్నారు. కింద చాప మీద కూచునేవాళ్ళు ఎవరూ దొరకలేదు. వీధి మొత్తానికి శిక్షణ లేని మనిషి ఒక్క అత్తగారే. ఆమెని బతిమాలి, తీసుకొచ్చి చాప మీద కూచోబెట్టారు. ఆ విధంగా ఆమె ఆ వీధిలో మిగిలిన ఏకైక ప్రజ అయింది. పోస్టుమాస్టరుగారు ఆమెని ఉద్దేశించి ప్రసంగించారు. పాలాయన ఆమె కష్టాలు తన దృష్టికి వచ్చాయన్నాడు. సెలూను అన్న ఆమెకి త్వరలో శుభవార్త చెబుతానన్నాడు. మైకు బాబాయి మధ్యమధ్య ఆమెనే "అశేష ప్రజానీకమా" అని పిలిచాడు.

అత్తగారు అందరివీ ఓపిగ్గా విన్నది. పుట్టి బుద్ధెరిగాక ఆమెతో ఇంతమంది ఇంత మర్యాదగా మాట్లాడింది లేదు. చివర్న కోడలి వంతు వచ్చింది. టైలరమ్మ లేచి నిలబడి చెయ్యెత్తింది. చెయ్యి గురి తప్పలేదు, తల ఏటవాలుగా ఊగింది. అప్పుడు అత్తగారు అంది.

"అందరూ అందలం ఎక్కేవాళ్ళే అయితే మోసేదెవరర్రా? పోయినేడు వానలకి ముందు మీరే కదా కర్రలేసి పొడిచి దీన్ని పారించింది. అప్పుడు ఒక్కడికీ సర్టిఫికెట్ లేదు. అమ్మాయ్, బడి తెరుస్తారు. ఆ చెయ్యి దించు, నాకు చూడలేక మెడ నొప్పెడుతోంది."

టైలరమ్మ చెయ్యి దించింది. దించాక ఆ చెయ్యి ఏం చెయ్యాలో దానికి కాసేపు తోచలేదు. తెల్లారేసరికి ఆమె పట్టీ విప్పి మేకుకి తగిలించి, షాపు వెనకున్న పొడుగాటి ఇనపకడ్డీ తెచ్చి గుంత దగ్గర వంగింది. నాలుగో పాఠం అక్కడితో పోయింది. సెలూను అన్న తలుపు సందులోంచి చూసి, ఫొటోగ్రాఫరు లేడని నిర్ధారించుకుని, తనూ ఒక వెదురుబద్ద పట్టుకొచ్చాడు. పాలాయన క్యాన్లు దింపి వచ్చాడు. పోస్టుమాస్టరుగారు కోటు విప్పి గేటుకి వేసి, పక్కన నిలబడి ఎటు పొడవాలో చెప్పారు. అందరూ కలిసి లాగితే అడ్డం పడినది ఊడి పైకి వచ్చింది. పెద్ద ఫ్లెక్సీ, చాపలా చుట్టుకుపోయి ఉంది. విప్పి చూస్తే, అంతకుముందు ఎప్పుడో జరిగిన 'పరిశుభ్ర నగరం' సభది. మంత్రిగారి చిరునవ్వు అంత మురుగులోనూ చెక్కుచెదరలేదు. ఆ ప్రింటింగు వాణ్ణి మెచ్చుకోవాలి.

మురుగు గుడగుడమని లోపలికి దిగిపోయింది. వీధివాళ్ళు నీళ్ళు కొట్టి కడిగారు, గుంత మీద ఒక నాపరాయి అడ్డంపెట్టారు. మధ్యాహ్నానికి గాలి గాలిలాగే వాసన వేసింది, అంటే ఏ వాసనా వెయ్యలేదు. పెద్ద టీచరమ్మగారు కబురందుకుని వచ్చి, ఈసారి రెండు కాళ్ళ మీదా నిలబడి, సాయంత్రానికి యూనిఫారం గుడ్డ థాన్లు రిక్షాలో పంపించింది. టైలరమ్మ వాటిని నేల మీదే పేర్చుకుని, చెయ్యి వేసి నిమిరింది. ఇల్లు నిలబడినట్టే అనుకుంది.

మర్నాడు పొద్దున శిక్షణాధికారి వచ్చి, గుంత చూసి, బోర్డుని పట్టుకుని నిలబడ్డాడు, పడిపోకుండా. ఆరోజు మధ్యాహ్నం మంత్రిగారు పైనుంచి వచ్చే పెద్దలకి పథకం చూపించడానికి వస్తున్నారట. బ్యాచ్ అంతా బస్సెక్కేసిందట.

"ఏం పని చేశారండీ మీరు? ఇది శిక్షణా సామగ్రి. ప్రభుత్వ ఆస్తి. ఇది లేకపోతే వాళ్ళు దేనికి చెయ్యి చూపిస్తారు?"

"బాగుపడిన దానికి చూపించమనండి బాబూ" అంది టైలరమ్మ.

"బాగుపడితే నాయకుడితో ఏం పని?" అన్నాడాయన, పాపం, దాదాపు కన్నీళ్ళతో.

కానీ దక్షత గల అధికారి. ఫోనెత్తాడు. ఏళ్ళ తరబడి తాగునీటి ట్యాంకరు పొద్దుట రమ్మంటే సందేళకి వచ్చే ఆ వీధికి, పిలిచిన వెంటనే ట్యాంకరు వచ్చింది. నాపరాయి తీసేశారు. గుంత గొంతులో ఇసక బస్తాలు కూరారు. ట్యాంకరు గొట్టం విప్పారు. తాగునీళ్ళు కాదు. ఎక్కడినుంచి తెచ్చారో గానీ చిక్కటి, నల్లటి, ఏ కల్తీ లేని మురుగు. నిమిషాల్లో గుంత నిండి, రోడ్డు నిండి, మునుపటికంటే బాగా వచ్చింది. బోర్డు తుడిచారు. పూలకుండీలు సర్దారు. సెలూను అన్న నోరు తెరవబోతే, మైకు బాబాయి మైకు అడ్డం పెట్టి మంత్రిగారికి స్వాగతం పలికేశాడు.

మంత్రిగారు కారు దిగారు. గుంత వైపు చెయ్యి చూపించారు, కెమెరా వైపు చూశారు. శిక్షణ లేకుండానే ఎంత బాగా చేశారో చెప్పలేను. అది రక్తంలో ఉండాలి. "ఇలాంటి సమస్యలే రేపటి నాయకుల్ని తయారుచేస్తాయి" అన్నారు. పైనుంచి వచ్చిన పెద్దలు ముక్కులు మూసుకుని ఏటవాలుగా తలలూపారు. బస్సులోంచి దిగిన బ్యాచ్ చప్పట్లు కొట్టింది.

ఆ చప్పట్ల మధ్య టైలరమ్మా, అత్తగారూ షాపులో థాన్లని మిషను మీదికీ, మంచం మీదికీ, అటక మీదికీ ఎత్తుతున్నారు. మురుగు గడప దాటింది. అడుగునున్న థాను అంచు తడిసింది. అత్తగారు ఆ తడిసిన మేర కత్తెరతో కోసి పారేసింది.

టైలరమ్మ మురుగులోంచి నడుచుకుంటూ ట్యాంకరు దగ్గరికి వెళ్ళింది. డ్రైవరు గొట్టం చుట్టుకుంటున్నాడు.

"ఎక్కడినుంచి తెచ్చావు నాయనా ఇది?"

"మీ వెనక వీధి నుంచే అక్కా. అక్కడ ఎవరూ ట్రైనింగ్‌కి రాలేదంట. నాయకులు లేని వీధి కదా, ఇలా చెయ్యొద్దని ఆపేవాళ్ళు లేరు. అడుగుదాకా లాగేశాం. ఒక్క చుక్క లేదిప్పుడు, అద్దంలా ఉంది."

"మళ్ళీ నిండదా?"

"నిండితే మళ్ళీ లాగుతాం. ప్రాక్టికల్స్ ఉన్నన్నాళ్ళూ ఇదే డ్యూటీ అన్నారు. ఒక్కరోజు కూడా తప్పకూడదని ఆర్డరు."

టైలరమ్మ వెనక్కి తిరిగింది. షాపులోకి వచ్చి మిషను ఒక పక్క పట్టుకుంది. అత్తగారు ఎందుకని అడగకుండా రెండోపక్క పట్టుకుంది. మంత్రిగారు ఇంకా మాట్లాడుతుండగానే, సెలూను అన్న థాన్లు భుజానికెత్తుకుని వెనకాల నడిచాడు.

వెనక వీధి పొడిగా ఉంది. కాలవ మీద మూతలున్నాయి. ఒక గుమ్మంలో ముసలావిడ ధనియాలో ఏవో ఎండబెట్టుకుంటోంది. ముందుగది ఖాళీగా ఉందని బోర్డు వేలాడుతోంది. ముసలావిడ మిషనుని చూసింది, థాన్లని చూసింది, మోకాళ్ళ దాకా నల్లగా ఉన్న ఆ ముగ్గురి కాళ్ళని చూసింది. గది ఇవ్వడానికి అభ్యంతరం లేదంది. కులం అడగలేదు, సంపాదన అడగలేదు. మిషను లోపల పెట్టబోతుంటే మాత్రం చెయ్యి అడ్డం పెట్టింది.

"ఒక్క మాట అడుగుతాను, ఏమనుకోకు తల్లీ. మీరు నాయకులేం కారు కదా?"

"అయ్యో, కాదు పెద్దమ్మా. మాది కుట్టుపని" అంది టైలరమ్మ.

ముసలావిడ చెయ్యి తీసింది.

అంతేనర్రా. బడి తెరిచేసరికి యూనిఫారాలు అందాయి. ఇప్పుడు మీ పని మొదలు. ఇది మనసులో పెట్టుకోండి. మీ వీధిలోకి మైకు వచ్చిన రోజున పక్కింటివాళ్ళని పిలిచి, ఎదురింటివాళ్ళని పిలిచి, ఇలాగే చుట్టూ కూచోబెట్టుకుని చెప్పండి. పెంచి చెప్పినా తప్పులేదు. మంత్రిగారి గొప్పతనం మాత్రం ఎక్కడా తగ్గించకండి.